నిమ్మచెట్టును బెదిరించిన రోజు

మా చిన్నప్పుడు... ఉగాది దగ్గర పడుతోందంటే చంద్రగిరిలో మా ఇంటి పెరట్లో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. వంకాయ మళ్ళు, గోరుచిక్కుడు సాళ్ళు, పందిరి నిండా సొరతీగ... గంగాళం దగ్గర స్నానం చేసిన నీళ్ళన్నీ కాలువ కట్టి వాటికే పారించేవాళ్ళం. యుద్ధం రోజులవి. బియ్యానికి, కిరసనాయిలుకు కటకటే గానీ కూరగాయలకు మాకు ఏనాడూ లోటు లేదు.

ఆ పెరడంతా మా చిన్నమ్మ చేతి చలవ. మా చిన్నాయన భార్య. తెల్లారగానే కొంగు నడుముకు దోపి నన్ను వెంటబెట్టుకుని మడి మడికీ తిరిగేది. పిందెకు వేలు చూపిస్తే రాలిపోతుందని, వేలు మడిచి చూపించేది. "సూడుమే, ఆడొకటి... ఆకు కింద ఇంకోటి" అని గుసగుసగా చెప్పేది. పిందె వింటుందని భయమేమో మరి.

ఆమె నాటితే ఎండుకట్టె కూడా చిగురేస్తుందని వీధిలో అనేవాళ్ళు... ఆ వెంటనే ఇంకో మాట కూడా అనేవాళ్ళు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమెకు బిడ్డల్లేరు. చిన్నాయనకు మళ్ళీ పెళ్ళి చేయాలని మా అవ్వ, అంటే నాయన తల్లి, పుత్తూరులో ఉన్న తన తమ్ముడికి కబురు పంపింది. ఆ కాలంలో అదేమీ వింత కాదు. పండగ వెళ్ళగానే ఆయన సంబంధం పట్టుకొస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నమ్మకూ తెలుసు. ఎవరూ ఆమెతో చెప్పలేదు... ఆమె ఎవరినీ అడగలేదు.

పెరటి మూల ఒక నిమ్మచెట్టు ఉండేది. ఏపుగా పెరిగింది, ముళ్ళకు కొదవ లేదు, పూత మాత్రం ఒక్కటీ లేదు. కాయని చెట్టును బెదిరించే ఆచారం మీలో ఎంతమందికి తెలుసో... ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానని గద్దించాలి. ఇంకొకరు అడ్డంపడి, ఈ ఒక్క ఏడు చూద్దామని బతిమాలాలి. అలా చేస్తే చెట్టు భయపడి కాస్తుందని పెద్దల నమ్మకం.

గొడ్డలి నాయనకు ఇచ్చారు. బతిమాలే పని నాకు. ఇంట్లో నా అంత వాగుడుకాయ లేదని అవ్వే నన్ను ఏరింది. ఇంక చూస్కోండి, ఆ మాటలు వల్లెవేసి వల్లెవేసి కోళ్ళకు కూడా అప్పజెప్పాను.

ఉగాదికి ముందు ఒక పొద్దు అందరం చెట్టు చుట్టూ చేరాం, చిన్నమ్మ మాత్రం వంకాయ మడికి నీళ్ళు పోస్తోంది. మా నాయన మామూలుగా పిల్లిని కూడా అదిలించని మనిషి. అట్లాంటిది గొడ్డలి ఎత్తేసరికి ఎక్కడ లేని గొంతూ వచ్చింది.

"ఎన్నేండ్లు సాకల్ల నిన్ను? కాయని చెట్టు ఇంట్లో ఎందుకు? నిన్ను కొట్టేసి ఇదే గుంతలో ఇంకోటి నాటుకుంటాము."

నా నోరు పడిపోయింది. నాయన మొహం చూసి నిజంగానే జడుసుకుని బావురుమన్నాను. "అడుగుమే, అడుగు" అని అవ్వ వెనకనుంచి పొడుస్తోంది. ఎక్కడ... ఒక్క ముక్క రాలేదు. బతిమాలేవాళ్ళు లేకుండా ఎత్తిన గొడ్డలి ఊరికే దించకూడదట. ఒక్క వేటైనా పడాల్సిందే.

అప్పుడు వంకాయ మడి దగ్గర కడవ దబ్బున పడిన చప్పుడైంది. చిన్నమ్మ పరుగెత్తుకొచ్చి ఆ ముళ్ళచెట్టును వాటేసుకుంది. బావగారి ఎదుట ఏనాడూ తలెత్తి మాట్లాడని మనిషి...

"వద్దు బావా, ఉండనీ. నీళ్ళు నేను పోస్తాను గదా. కాయకుంటే మానెలే... మజ్జిగలోకి ఆకన్నా ఇస్తాది."

ఆ మాట ఆచారం కోసం అన్నట్టు లేదు. నాయన గొడ్డలి దించి, ఎవరి మొహమూ చూడకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు. చిన్నాయన తల వంచుకుని నిలబడిపోయాడు. చిన్నమ్మ చేతుల నిండా ముళ్ళ గీతలు, సన్నగా రక్తం. అవ్వ ఆ చేతుల వంక చూసింది. తర్వాత "రామ్మే" అని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, గీతగీతకూ ఊదుతూ పసుపు అద్దింది.

పండగ వెళ్ళింది. అన్నట్టే పుత్తూరు నుంచి అవ్వ తమ్ముడు దిగాడు. అవ్వ ఆయన చేతికి మజ్జిగ చెంబు ఇచ్చింది. నేనూ చిన్నమ్మా వంటింటి తలుపు వెనకే ఉన్నాం.

"పిల్ల బంగారం అక్కా. నువ్వు ఊ అంటే సాలు, వైశాఖంలో కానిచ్చేద్దాం."

"వద్దులేరా. ఉండనీ."

"ఇంకా ఎన్నేండ్లు సూస్తావు?"

"నేనుండేదాకా సూస్తా. కాయకుంటే మానెలే" అంది అవ్వ. "మజ్జిగ తాగు. నా కోడలు కలిపింది."

చిన్నమ్మ నన్ను ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది. ఆమె చేతులు నిమ్మాకు వాసన వేస్తున్నాయి. ఆ వాసన ఇప్పటికీ నాకు ప్రాణం.

కొన్నాళ్ళకు ఆ చెట్టు కాసింది. వీధి వీధంతా పంచినా తరగనంత కాపు. చిన్నమ్మకు మాత్రం బిడ్డలు కలగలేదు. మమ్మల్నందరినీ ఆమే సాకింది, నా బిడ్డలకు లాలపోసిందీ ఆమే. అవ్వ కన్నుమూసేదాకా ఆమె చేతి మజ్జిగే తాగింది.

నాకిప్పుడు చూపు ఆనదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో కొడుతోంది. దీని బాల్కనీలో కుండీలో ఒక నిమ్మమొక్క ఉంది, నర్సరీ నుంచి కాయలతోనే వచ్చింది. ఈ ఏడు పూత రాలేదు. తీసేసి ఇంకోటి తెస్తానంది నిన్న. పిల్ల తప్పేమీ లేదు... ఇప్పుడు అన్నీ అట్లాగే అయిపోయాయి, బెదిరించే ఓపికా లేదు, బతిమాలే తీరికా లేదు.

"ఉండనీవే, నీళ్ళు నేను పోస్తా" అన్నాను. ఆ పొద్దు గొంతులో ఇరుక్కుపోయిన మాట, ఇన్నేళ్ళకు వచ్చింది.

మీ ఇళ్ళల్లో కాయని చెట్టుకు అడ్డంపడింది ఎవరు... చెప్పండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.