ఎడ్డీ చేతులు

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. శవాలు కోసే అనాటమీ హాలు మెట్ల మీద కూర్చుని టిఫిన్ బాక్సు ఖాళీ చేసిన డాక్టర్ని. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో ఒక ఆసుపత్రిలో, వృద్ధుల వార్డులో పనిచేసేదాన్ని. మా ఆయనా, పాపా వీసా కోసం విజయవాడలో ఎదురుచూస్తున్నారు. డ్యూటీ అయ్యాక అద్దె గదికి వెళ్లబుద్ధి కాక వార్డులోనే కాసేపు కూర్చునేదాన్ని. అలా టామ్ అనే పేషెంటు పరిచయమయ్యాడు.

ఆయనకు తొంభై అయిదు దాటాయి. ఇక్కడే పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల బాంబర్ విమానంలో తుపాకీ పట్టాడు. ముసలితనంలో తిరిగొచ్చాడు. చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు.

ఇంగ్లండ్ నుంచి పట్టపగలు వెళ్లి బాంబులు వేసిన తొలి దాడుల్లో ఆయన ఉన్నాడు. విమానానికి రెండు పక్కలా తెరిచిన కిటికీలు. ఒకదాని దగ్గర టామ్, రెండోదాని దగ్గర ఎడ్డీ. అంత ఎత్తున చలికి చర్మం లోహానికి అతుక్కుపోయేదట. ఒకరోజు ఎడ్డీ తొడుక్కున్న కరెంటుతో వేడెక్కే గ్లవ్స్ పాడయ్యాయి. "టామ్, నా చేతులు!" అని అరిచాడు. శత్రు విమానాలు మీదికొస్తుంటే టామ్ తుపాకీ వదల్లేదు. వెనక్కి తిరిగేసరికి ఎడ్డీ తూటా తగిలి పడివున్నాడు. వేళ్లు తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి.

"అర నిమిషం వాడి చేతులు పట్టుకుని ఉండాల్సింది, డాక్టర్" అన్నాడు టామ్. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదట.

జులైలో ఒక మధ్యాహ్నం ఆయనకు జ్వరం పెరిగింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. నన్ను చూసి, "ఎడ్డీ, చేతులివ్వు" అన్నాడు. ఇచ్చాను. రెండు చేతులూ తన అరచేతుల్లో పెట్టుకుని నోటితో ఊదసాగాడు.

నా వేళ్లు జివ్వున లాగాయి. ఐసులో ముంచినట్టు నొప్పి. లాక్కోవచ్చు. ఆయన ముఖం చూసి లాక్కోలేకపోయాను.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు.

"గ్రాండ్" అన్నాను, బాగుందనడానికి ఇక్కడివాళ్లు అనే మాట.

ఆయన కళ్లు మూసుకున్నాడు. గంటలోపే పోయాడు. అంతకుముందు ఆయన నా చేతులు వదలగానే పక్కనే ఉన్న నర్సు ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. వెచ్చగానే ఉందంది.

సాయంత్రానికి నా వేళ్ల కొసలు తెల్లబడి బొబ్బలెక్కాయి. సర్జరీలో పనిచేసే వరంగల్ కుర్రాడు రవికి చూపించాను.

"ఏందక్కా ఇది? చలికి చర్మం గడ్డకట్టినట్టుంది. ఫ్రీజర్ల చెయ్యి పెట్టినవా?"

"లేదు రవీ."

"మరి జులైల గిట్ల ఎట్లయితది?"

రవి నా వేళ్లకు కట్లు కట్టాడు. ఆ రాత్రి వీడియో కాల్‌లో కట్లు చూసి పాప అడిగితే టీ ఒలికిందన్నాను. టామ్‌ను పూడ్చేటప్పుడు ఫాదర్, నేను, గొయ్యి తవ్విన మనిషి ఉన్నాం. అంతే.

గాయం గురించి ఆసుపత్రివాళ్లు ఒక ఫారం ఇచ్చారు. పేరు రాశాను, తేదీ రాశాను. కారణం అన్నచోట ఖాళీగా వదిలి ఇచ్చేశాను. ఇవాళ అడిగినా అక్కడ ఖాళీగానే వదిలేస్తాను.