గేటు ముందు ఆగిన ఇంజన్లు

2023 ఫిబ్రవరి. అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి రంగత్‌కు టాక్సీ నడపడం మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. మా తాతది శ్రీకాకుళం వైపు. నేను పుట్టింది, ఉంటున్నది పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్‌లో. ఆ రోడ్డులో ఏ మలుపులో ఎంత గుంత ఉందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఇంజను ఆపితే ఆ రోడ్డు ఎలా వినిపిస్తుందో మాత్రం సరస్వతక్క నా బండి ఎక్కేదాకా నాకు తెలియదు.

మా ఊళ్ళోనే లంబాలైన్‌లో ఉండే సరస్వతక్క స్కూలు టీచరుగా రిటైరైంది. ఆమె భర్త అప్పన్న బావ ఇదే రోడ్డు మీద బస్సు నడిపేవాడు. ఆయన పోయాక చెల్లెలు విజయనగరం వచ్చెయ్యమంది. ఓడ ఎక్కేలోగా ఒక్కసారి రంగత్ దాకా వెళ్ళి రావాలని నాకు ఫోన్ చేసింది.

బండి మాట్లాడుకోవడం కాదు, నాకు పరీక్ష పెట్టింది. తనొక్కదానికోసం అంత దూరం బండి కాల్చొద్దు, రంగత్ వెళ్ళేవాళ్ళను ఇంకొందరిని ఎక్కించు. టాప్ మీద సామాను కట్టకు, గాలికి అడ్డం పడి డీజిలు తాగుతుంది. టైర్లలో గాలి చూయించు. ఏసీ వద్దు. నీళ్ళకు ప్లాస్టిక్ సీసాలొద్దు, స్టీలు క్యాను తనే తెస్తుందట.

"ఇన్ని కబుర్లెందుకక్కా, బస్సెక్కీ. అన్నీ కలిసొస్తాయి" అన్నాను వెటకారంగా.

"బస్సు నానాపమంటే ఆగదు తమ్ముడూ. నువ్వయితే ఆపుతావు" అంది.

ఎక్కడ ఆపాలో జిర్కాటాంగ్ గేటు దగ్గర తెలిసింది. అక్కడి నుంచి జారవా ఆదివాసుల అడవి. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు పోవడానికి లేదు; బండ్లన్నీ వరసకట్టి, పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా కదలాలి, దారిలో ఆగకూడదు. ఆ వరసలో మేం ఇంజను ఆపం. పాత జీపుల కాలంలో సెల్ఫ్ మొరాయిస్తే కాన్వాయ్ వెళ్ళిపోయేది; మళ్ళీ గేటు తీసేదాకా బండెక్కిన సవారీల తిట్లు తినాలి. ఇప్పుడు బండ్లు మారాయి, కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు. పైగా సవారీలకు ఏసీ ఒకటి.

"ఇంజనాపీ తమ్ముడూ."

ఆపాను. అక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి చెవి ఒగ్గింది. ముందూ వెనకా బండ్ల రొద తప్ప ఏమీ లేదు. ఆమె మొహం వాడిపోయింది.

"మీ బావ డ్యూటీ దిగొచ్చి రోజూ చెప్పీవోడు. ఇక్కడ ఇంజనాపీసి కూకుంటే అడవిలో కొండ మైనాలు మనుషుల్లాగ మాటాడుకుంటాయంట. నన్నూ తీసికెళ్ళవా అంటే, చూద్దాంలే అనీవోడు. ఉజ్జోగం అయిపోయింది, మనిషీ ఎల్లిపోయాడు. ఓడెక్కీసినాక నానింకెక్కడ వింటాను?"

నిజంగానే, ఈ వరసలో ఇంజను ఆపేవాడు అప్పన్న బావ ఒక్కడే. "బ్యాటరీ పే ఇత్‌నా భరోసా హై క్యా భయ్యా?" అని మేమంతా నవ్వేవాళ్ళం. బండి దిగాను.

ముందు బండి డ్రైవరు రాంచీవాడు. "భయ్యా, థోడీ దేర్ ఇంజన్ బంద్ కరో" అని కాసేపు ఆపమన్నాను.

"సవారీ చిల్లాయేగీ యార్." ఏసీ ఆగితే సవారీలు అరుస్తారని అతని బాధ.

"అప్పన్న భయ్యా కీ ఘర్‌వాలీ ఆయీ హై. చిడియా సున్‌నా చాహతీ హై."

అప్పన్న భార్య వచ్చిందని, పిట్టల కూత వినాలనుకుంటోందని చెప్పేసరికి అతను నా మొహంలోకి చూశాడు. తాళం తిప్పేశాడు. తనే దిగి ముందు బండ్లవైపు నడిచాడు, నేను వెనకవాటి వైపు వెళ్ళాను. అప్పన్న పేరు చెప్పినచోటల్లా ఒక్కో ఇంజనే ఆగింది. ఆ రోడ్డు మీద ఆయన బస్సు ఆపి సాయం చెయ్యని డ్రైవరు లేడు.

మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత ఆకుల మీంచి మంచు రాలే చప్పుడు. అంతలో చెట్ల పైనుంచి ఈల, దానికి అవతలి పక్క నుంచి గరగరమంటూ జవాబు. అచ్చం ఇంట్లో ఇద్దరు సణుక్కున్నట్టే ఉంది. వెనక సీటులో ఎక్కించుకున్న రంగత్‌వాళ్ళు కిటికీల వైపు జరిగారు. సరస్వతక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అబద్ధమాడనేదు, ముసిలోడు" అంది.

గేటు తీశారు. బండ్లన్నీ స్టార్టయ్యాయి. ఒక్క సెల్ఫూ మొరాయించలేదు.

రంగత్‌లో దిగేటప్పుడు చూస్తే డీజిలు ముల్లు ఎప్పుడూ దిగేంత దిగలేదు. ఆమె షరతులన్నీ అప్పటి నుంచి నావే అయ్యాయి. ఏసీ ఏదని గేటు దగ్గర సవారీలు గొణిగితే కాసేపు వినమంటాను. కొందరు వింటారు, కొందరు తిడతారు. అడవికి మన పొగ ఎంత తక్కువ తగిలితే అది మనకు అంత వినిపిస్తుందని ఆ ట్రిప్పు నేర్పింది. సరస్వతక్క విజయనగరంలో ఏం వింటోందో అని ఆ వరసలో ఉన్నప్పుడల్లా బెంగగా ఉంటుంది.

ఆ ట్రిప్పు నుంచి ఇంటికొచ్చి అన్నం తింటూ ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆమె వడ్డించడం ఆపి విన్నది.

"ఇన్నాళ్ళూ నాకా రోడ్డే చూపించనేదు నువ్వు. ఒకపాలి నన్నూ తీసికెళ్ళవా?"

చూద్దాంలే అన్న మాట నోటిదాకా వచ్చింది. ముద్దతోపాటు మింగేశాను.

"రేపు తెల్లారగట్ట లేస్తావా? ముందు సీటు ఎవరికీ ఇవ్వనులే" అన్నాను.