పెద్దమ్మ పొయ్యిలో జొన్న కొయ్యలు

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఇది ఉద్యోగమేనని ఒప్పుకోవడానికి మావాళ్లకు కొంత కాలం పట్టింది. "గడ్డి సంగతి చెప్తే జీతమిస్తరా?" అని మా పెద్దమ్మ అడిగేది, వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

పెద్దమ్మ చేను బొంతపల్లి దాటాక, వాగు పక్కన ఉంటుంది. ఫ్యాక్టరీలు వదిలితే ఆ వాగులో ఒకప్పుడు పారిన రంగులు పిల్లల పెన్సిళ్ల డబ్బాలో కూడా ఉండవు. ఇప్పుడు నీళ్లు తేటపడ్డాయి గానీ కాడ్మియం అనే విషలోహం మాత్రం మట్టిలో స్థిరపడిపోయింది. మట్టి పరీక్షలో అది బయటపడిందని నేను చెప్పిన రోజే పెద్దమ్మ సాగు మానేసింది. పండించి అమ్ముకోవచ్చు కదా అని ఎవరో అంటే, "మనం తిననిది మందికెట్ల వెడ్తం?" అంది. చేను పడావు పెట్టి, కంట్రోలు బియ్యం తింటూ, తన జొన్నలతో ఒక్కసారి రొట్టె చేసుకుంటే చాలని మాత్రం అంటూ ఉండేది.

అందుకే ఆ మట్టినే కాలేజీ వెనక కుండీల్లో నింపి రకరకాల జొన్నలు వేశాను. వేరు కణాల పొరల్లో రవాణా ప్రోటీన్లుంటాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాళ్లనుకోండి. కాడ్మియం మొక్కకు కావలసిన జింకులా కనిపిస్తుంది కాబట్టి షిఫ్టు గుంపులో కలిసిపోయి లోపలికి వచ్చేస్తుంది. మన గేట్ల దగ్గరా ఇంతకన్నా గట్టిగా చూస్తారని నేననను. కానీ లోపల ఇంకో ప్రోటీన్ ఉంటుంది. అది కాడ్మియాన్ని పట్టుకుని, అదే కణంలో రిక్తిక అనే సంచిలోకి నెట్టేస్తుంది. ఇక అది కాండానికీ గింజకూ పెద్దగా ఎక్కదు. కుండీల్లో ఒక రకం జొన్న ఈ పని శ్రద్ధగా చేసింది. వేళ్ల నిండా కాడ్మియం, పైన దాదాపు ఏమీ లేదు. దాన్నే పెద్దమ్మ చేనులో ఒక మూల వేశాం.

కోత అయ్యాక గింజలు పరీక్షకు పంపాం. క్లాసులో ఉండగా ఫోన్‌కు ఫలితం వచ్చింది: తినొచ్చు. నా ముఖం చూసి పిల్లలు సెలవా సార్ అని అడిగారు. బయటికొచ్చి పెద్దమ్మకు ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పాను. ఆమె వెంటనే పెట్టేసింది. గడ్డపోతారం దారిలో లారీల మధ్య నా స్కూటర్ తన శక్తికి మించి పరిగెత్తింది.

నేను వెళ్లేసరికి పిండి విసరడం కూడా అయిపోయింది. వాకిట్లో పొయ్యి మండుతోంది, పెనం కాగుతోంది. పొయ్యిలో ఏముందో అప్పుడు చూశాను. కోశాక మిగిలిన జొన్న కొయ్యలను వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి వంటచెరకు చేయడం మా దగ్గర అలవాటు. ఆ బూడిదను పురుగు పట్టకుండా ఆకుకూరల మీద చల్లుతారు. మా పొదుపులో ఏదీ వృథా పోదు, కాడ్మియం కూడా.

కడవ ఎత్తి పొయ్యిలో నీళ్లు పోశాను.

"ఏంది కొడుకా! కొత్త జొన్నల పొయ్యి ఆర్పుతవా? నువ్వు సదువుకున్నోనివేనా?"

"పెద్దమ్మా, గింజలల్ల విషం లేదు. అదంతా గా వేర్లల్లనే ఉంది. కాలిస్తే బూడిదలకొస్తది. గా బూడిద నువ్వు తోటకూర మీద సల్తవు."

ఆమె కొయ్యలవైపు చూసింది, పెరటి తోటకూరవైపు చూసింది.

"గంత కష్టపడి వేరు దాసిపెడితే, నేను జల్లెడ వట్టి సల్లుదామనుకున్ననా," అంది మెల్లగా.

తడి బూడిదను, మిగతా కొయ్యలను గోనెసంచిలోకి ఎత్తాం. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి చేర్చే బాధ్యత నాకే దక్కింది. రొట్టెకు గ్యాస్ మంట సరిపోదని గొణుగుతూనే పెద్దమ్మ లోపల స్టవ్ వెలిగించింది. మొదటి రొట్టె ఆమే తిన్నది. ఎట్లుందని అడిగితే రెండోది పెనం మీద వేసింది.

తర్వాత, వచ్చే కారుకు చేనంతా ఇదే విత్తనం వేద్దామంది. నాది ఉద్యోగమేనని కూడా ఆ రోజే ఒప్పుకుంది. చేనులో కొయ్యలన్నీ పీకడం ఆ ఉద్యోగంలో భాగమని తనే చేర్చింది.