గ్రిల్ మీద కప్పిన ఫాయిల్

ఏళ్ళ తరబడి పేరుకున్న కొవ్వుని మీరెప్పుడైనా గోళ్ళలోంచి తీసుకున్నారా? లేదంటే అదృష్టవంతులు. పైన తారులా నల్లగా గట్టిపడి ఉంటుంది. గీరితే లోపల పసుపుపచ్చగా మెత్తగా బయటపడుతుంది. వేలికి అంటుకుంటే సబ్బుకి కూడా లొంగదు. దాని మీద ఎలుక గూడు, గూట్లో ఎవరింటి సోఫాలోంచో లాక్కొచ్చిన దూది. కెనడాలో మేముండే గ్వెల్ఫ్‌లో మా వీధి చివరి ఇంటి పెద్దాయన అపార్ట్‌మెంట్‌కి మారుతూ, చెత్తబండి కోసం రోడ్డు అంచున వదిలేసిన పాత గ్యాస్ గ్రిల్ అది. మూత ఎత్తగానే ముక్కు మూసుకున్నాను. అయినా ఇంటిదాకా తోసుకొచ్చాను.

ఎందుకంటే దాని ఒళ్ళు పోత పోసిన అల్యూమినియం. నేను కార్ల పార్ట్స్ చేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ పని చేస్తాను. మంచి పోత ఏదో, నాసిరకం ఏదో వేలితో తట్టి చెప్పగలను. ఇప్పుడు షాపుల్లో వరసగా నిలబెట్టి అమ్ముతున్న గ్రిల్స్‌ని చూస్తే నాకు ఒళ్ళు మంట. పల్చటి రేకు, పైన మెరుగు. నాలుగు చలికాలాలు గడిస్తే అడుగు ఊడి కిందపడుతుంది, జనం ఇంకోటి కొంటారు. ఇంకో కారణం, మా ఇంట్లో గాజు పలక కరెంటు స్టవ్. దాని మీద వంకాయ కాలదు, ఉడుకుతుంది. మంట కళ్ళజూసి ఎన్నాళ్ళయిందో.

అసలు కారణం ఇంకోటుంది. మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు ఎండాకాలం పిక్నిక్‌కి మొక్కజొన్న పొత్తులు ఎవరు కాలుస్తారని వాట్సాప్‌లో అడిగితే, నేను కాలుస్తానన్నాను. మా అమ్మ గుంటూరు వైపు ఒక పల్లెలో బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది. మా పేట పిల్లలు తినేవాళ్ళు. ఊళ్ళో పిల్లలు కొందరు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకుని, చెట్టుకింద అటు తిరిగి తినేవాళ్ళు. మిగిలిన అన్నం గిన్నెని అమ్మ ఇంటికి మోసుకొచ్చేది. నా పొయ్యి మీద కాల్చింది మనవాళ్ళు వరసలో నిలబడి తినాలి, మా అమ్మాయి అది చూడాలి. నాకు కావలసింది అంతే.

మా ఆయన ముసలివాళ్ళుండే సీనియర్స్ హోమ్‌లో పనిచేస్తాడు. రోజంతా మనుషుల్ని కడిగి ఇంటికొస్తే, నేను గరాజ్‌లో గ్రిల్‌ని కడుగుతూ కనపడేదాన్ని.

“ఎందుకే నీకీ పీకులాట? కొత్తది కొనుక్కుంటే పోలా?”

“కొత్తది నువ్వు కొనుక్కో.”

“లోపల పెయింట్ కూడా ఊడిపోతోంది చూడు.”

పెయింటా, గాడిదగుడ్డా! మూత లోపల పొలుసులు పొలుసులుగా ఊడేది మాడిన కొవ్వు. దశాబ్దాలుగా కాల్చిన మాంసపు పొగంతా అక్కడే అట్టకట్టింది. గరిటె తిరగేసి గీకాను. గ్యాస్ వెళ్ళే గొట్టాల్లో సాలీళ్ళు కాపురాలు పెట్టాయి, తీగతో పొడిచి లాగాను. మంట మీద పరిచే రాళ్ళు కొవ్వు తాగి తాగి మూకుడులో మరిచిపోయిన పాత పకోడీల్లా ఉన్నాయి, అన్నీ పారేశాను. మధ్యమధ్యలో బయటికొచ్చి గాలి పీల్చుకునేదాన్ని. ఆ వారాల్లో నాకు అన్నం సయించలేదు.

పార్ట్స్ వెతకడం దానికంటే రోత. ఆన్‌లైన్‌లో ప్రతిదానికీ ‘యూనివర్సల్’ అని పేరు. అన్నింటికీ సరిపోతుందని రాసినది దేనికీ సరిపోదు. బర్నర్ వచ్చింది, దాని కాళ్ళు వాల్వుల మూతులకి అరంగుళం పక్కన దిగుతున్నాయి. నాబ్‌ల సంగతి మరీ ఘోరం. నాబ్ ఎక్కే కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది. యూనివర్సల్ నాబ్‌లకి ఆ చదును పైన వస్తుంది, మా గ్రిల్‌కి కింద ఉంది. బలవంతంగా ఎక్కిస్తే ‘ఆఫ్’ అన్నచోట గ్యాస్ వస్తోంది. ఫోన్ చేస్తే అమ్మినవాడు “కొత్త గ్రిల్ తీసుకోవడం బెటర్” అన్నాడు. చేతిలో ఉన్న నాబ్‌ని వాడి నోట్లో కుక్కాలనిపించింది.

చివరికి ఒక ప్రకటన పట్టుకుని, ఊరికి ఉత్తరాన పొలాల మధ్య షెడ్డు నిండా చచ్చిపోయిన గ్రిల్స్ పెట్టుకున్న ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళాను. షెడ్డు నిండా పాత నూనె కంపు. ఆయన ఒక గ్రిల్ పొట్టలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, కెలికి, రెండు నల్ల నాబ్‌లు బయటికి తీశాడు. ఒక్కోదాని మీద ఎర్ర గీత. చదును కిందే ఉంది. సంతోషంతో కేక పెట్టాను. ఆయన కూడా సంబరపడి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, అదే చేత్తో డబ్బాలోంచి డోనట్ తీసి ఇచ్చాడు. దాని మీద ఆయన వేలిముద్ర నల్లగా కనపడుతోంది. మనిషి ప్రేమగా ఇచ్చింది ఎలా కాదంటాం? మింగేశాను.

బర్నర్ కూడా అక్కడే దొరికింది. పిక్నిక్ ముందు రోజు కొత్త రాళ్ళు పరిచి, తిండి తగిలే చోట సరికొత్త ఇనప కమ్మీలు పెట్టాను. గ్యాస్ లీకవుతుందేమోనని ట్యూబు అతుకుల మీద సబ్బు నీళ్ళు పోసి చూశాను, ఒక్క బుడగ రాలేదు. ఎర్ర గీత తిప్పితే నీలం మంట వరసగా నిలబడింది. మా ఆయన కూడా “బావుందే” అన్నాడు.

పార్కులో రెండు గ్రిల్స్ పెట్టారు. చికెన్‌కి సంఘం కమిటీ అంకుల్ గ్రిల్, పొత్తులకి మాది. పెత్తనమంతా కమిటీ ఆంటీది. ఆవిడ నన్ను మొదటిసారి చూసినప్పుడే “ఏ ఊరమ్మా మీది?” అనడిగింది. చెప్పాను. “ఊళ్ళో ఎటువైపు?” అంది. చెప్పాను. “చర్చికెళ్తారా?” అంది. వెళ్తామన్నాను. “ఓహో” అంది. ఆ ‘ఓహో’ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గ్వెల్ఫ్‌లో వినపడుతుందనుకోలేదు.

గ్రిల్ వెలిగించి, నిమ్మకాయలూ ఉప్పూకారం తెద్దామని కారు దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా కొత్త కమ్మీలు కనపడలేదు. ఈ చివర నుంచి ఆ చివరకి ఫాయిల్ పరిచేసి, అంచులు కిందికి మడిచి, దాని మీద పొత్తులు పెట్టారు.

“అలా మొత్తం కప్పకూడదండీ ఆంటీ. వేడి పైకి పోవాలి. లేకపోతే ముందుకి తంతుంది.”

“ఏం కాదులేమ్మా. పాతది కదా, ఎవరెవరు ఏమేం కాల్చుకు తిన్నారో. హైజీన్ కోసం.”

“కమ్మీలు కొత్తవండీ. నిన్ననే పెట్టాను.”

“నువ్వు క్లీన్ చేయలేదని కాదు. కొంతమందికి పట్టింపులుంటాయ్ కదా, మనం అర్థం చేసుకోవాలి.”

పట్టింపుల గురించి చెబుతున్న ఆవిడ చేతిలోనే కోడికాలుంది. చుట్టూ మనుషులు. మా ఆయన మెల్లగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. మా అమ్మాయి పేపర్ ప్లేటుతో నిలబడి చూస్తోంది. నిమ్మకాయల సంచి బల్ల మీద పెట్టాను.

పొత్తులు రంగు మారకముందే ప్లాస్టిక్ మాడిన కంపు కొట్టింది. దారిలేని వేడి ముందువైపుకి తన్ని, రెండు నాబ్‌లూ మెత్తబడి కిందికి జారాయి. ఎర్ర గీతలు ముడుచుకుపోయాయి. పరుగెత్తి సిలిండర్ కట్టేశాను.

“చూశావా, పాతవాటితో ఇదే ప్రాబ్లం” అంది ఆంటీ.

అప్పుడు ఆ పొత్తులన్నీ అంకుల్ గ్రిల్ మీదికి చేరాయి. ఆ కమ్మీల మీద చికెన్ మసాలా మాడి కరుచుకుని ఉంది. అంకుల్ సగం ఉల్లిపాయతో అటూ ఇటూ రెండుసార్లు రుద్ది, పొత్తులు నేరుగా పరిచేశాడు. ఫాయిల్ కావాలని ఎవరూ అడగలేదు. హైజీన్ ఎవరికీ గుర్తు రాలేదు. ఆంటీ మొదటి పొత్తు కొరికి, “చికెన్ ఫ్లేవర్ పట్టింది, భలే ఉందే” అంది.

అక్కడే నాకు రోత పుట్టింది. ఎలుక గూడు చూసినప్పుడు కూడా అంత పుట్టలేదు. వాళ్ళకి రోత గ్రిల్ మీద కాదు, దాన్ని కడిగిన చేతుల మీద. ఆ సంగతి ఆ ‘ఓహో’ నాడే తెలిసి కూడా, వీళ్ళు తింటారని వారాల తరబడి గోళ్ళు అరగదీసుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

కారులో మా అమ్మాయి అడిగింది. “అమ్మా, దేర్ గ్రిల్ వాజ్ సో మచ్ డర్టియర్. వై డిడ్ దే కవర్ అవర్స్?”

నేను ఇంటికెళ్ళాక చెబుతానన్నాను.

మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కమ్మీలకి అతుక్కుపోయిన ఫాయిల్ ముక్కల్ని చాకుతో గీకాను. నాబ్‌లు లేని కాడల్ని పటకారుతో పట్టి తిప్పాను. నీలం మంట లేచింది. బీఫ్ ముక్కల్ని మా అమ్మ చేసినట్టే కారం, ధనియాల పొడి, దంచిన వెల్లుల్లి పట్టించి పరిచాను. అవి కాలుతుండగా మా అమ్మాయికి చెప్పాను, అమ్మమ్మ వండిన అన్నం గురించి, చెట్టుకింద క్యారేజీల గురించి, ఆంటీ అడిగిన మూడు ప్రశ్నల గురించి. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో. అది ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి వింది.

అప్పుడే ఫోన్ మోగింది. చేతులకి కారం ఉందని స్పీకర్‌లో పెట్టాను. ఆంటీ.

“ఏమ్మా, బాగున్నావా? సెప్టెంబర్‌లో లేబర్ డేకి ఇంకో పిక్నిక్ అనుకుంటున్నాం. ఒక గ్రిల్ చాలట్లేదు. మీది రిపేర్ చేసి తెస్తావా? నువ్వేం టెన్షన్ పడకు, ఫాయిల్ మేమే తెస్తాం.”

మా అమ్మాయి నా మొహం వంకే చూస్తోంది.

“ఫాయిల్ మీ దగ్గరుంది కదండీ, పొయ్యి కూడా మీరే తెచ్చుకోండి. మా పొయ్యి మీద మేం తినే బీఫ్ కాలుతోంది. మాడిపోతుంది, ఉంటాను” అన్నాను.

అవతల ‘ఓహో’ వినపడకముందే చిటికెనవేలితో ఫోన్ కట్టేశాను. మా అమ్మాయి ప్లేటు ముందుకి చాపింది.