కంప్యూటర్ మాస్టారు మూత తీసిన రోజు

పందొమ్మిదేళ్లుగా ఆయన ఆ బడిలో ఎనిమిదో తరగతికి మెమరీ పాఠం చెబుతున్నాడు. అందరికీ ఆయన కంప్యూటర్ మాస్టారు. మదర్‌బోర్డు బొమ్మ కళ్లు మూసుకుని నల్లబల్ల మీద వేసేవాడు. "ర్యామ్ అంటే మీ ముందున్న బల్ల లాంటిదిరా. బల్ల ఎంత పెద్దదైతే అన్ని పుస్తకాలు ఒకేసారి పరుచుకోవచ్చు" అనేవాడు. అయితే ఆయన ఒక్కసారైనా కంప్యూటర్ మూత విప్పి చూసింది లేదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆఫీసు గదిలో గుమాస్తా మేడమ్ కంప్యూటర్ బాగా పాతబడింది. మార్కుల ఫైలు తెరిచి ఉండగా ఇంకోటి తెరిస్తే చాలు, బిగుసుకుపోయేది. ఆవిడ విసిగిపోయి, కొత్త మెమరీ కొనడానికి హెడ్మిస్ట్రెస్ అయిన పెద్ద మేడమ్‌ను ఒప్పించింది. మోడల్ నంబరు కాగితం మీద రాసుకెళ్లి, రెండు దుకాణాల్లో కనుక్కుని మరీ తెచ్చింది.

"మీరుండగా బయటివాళ్లెందుకు మాస్టారూ? మీ చేత్తోనే పెట్టేయండి" అంది.

కాదనలేక ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

మూత తీస్తే లోపలంతా దుమ్ము, వైర్లు. బొమ్మలో ఉన్నంత శుభ్రంగా ఏదీ లేదు. పాత మెమరీ స్టిక్కు పక్కన, ఇంకోటి గుచ్చడానికి ఖాళీ స్లాటు కనిపించింది. కొత్తదాన్ని అందులో పెడితే సగం దిగి ఆగింది. ఇంకా నొక్కితే బోర్డు విరుగుతుందేమోనని భయపడి అలాగే వదిలేశాడు. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది, బీప్ బీప్‌మని ఒకటే మోత. కొత్తది తీసేస్తే మామూలుగా పనిచేసింది.

మోత విని పెద్ద మేడమ్ వచ్చింది. వెనకే నలుగురైదుగురు టీచర్లు.

"ఇది దీనికి సరిపడేది కాదండీ. తెలియక కొన్నట్టున్నారు" అన్నాడు ఆయన.

"తెలియని పనుల్లో వేలు పెట్టడమెందుకమ్మా?" అంది పెద్ద మేడమ్, గుమాస్తా వైపు తిరిగి.

"కనుక్కునే తెచ్చానండీ" అంటూ ఆవిడ ఆయన వంక చూసింది. ఆయన తల వంచుకుని మూతకు స్క్రూలు బిగిస్తున్నాడు.

తప్పెవరిదో తేలాల్సిందేనని గుమాస్తా మేడమ్ మర్నాడు రిపేరు దుకాణం నుంచి ఒకామెను పిలిపించింది. వచ్చినామె ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. ఆ సమయానికి గుమాస్తా హాజరు పట్టీలు తేవడానికి వెళ్లింది. గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఆమె మూత తీసి, కొత్త స్టిక్కును స్లాటులో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కింది. టక్కుమంది. స్విచ్ వేస్తే తెర వెలిగింది.

"స్టిక్కు సరైనదే సార్. నిన్న పూర్తిగా లోపలికి దిగి ఉండదంతే. గట్టిగా నొక్కడానికి మొదట్లో అందరికీ భయమే" అంది. ఆగి, "మీరు చెప్పిన బల్ల పోలికే నేను ఇప్పటికీ కస్టమర్లకు చెబుతుంటాను" అంది.

ఆ మాటకు ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"గుమాస్తా మేడమ్‌కు ఏం చెప్పమంటారు సార్?"

"స్లాటులో దుమ్ముందని చెప్పమ్మా."

ఆమె ఒక్క క్షణం ఆయన్ని చూసి, "సరే సార్" అంది. చెప్పినట్టే చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన ఆఫీసు గది ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి క్లాసుకు వెళ్లాడు. తన పిరికితనానికి శిష్యురాలి చేత అబద్ధం ఆడించాడు. అది తలుచుకుని కంచంలో అన్నం వదిలేసి లేచేవాడు. చివరికి భార్య గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాడు.

"ఆవిణ్ణి నలుగురి ముందు అన్నారుగా. నలుగురి ముందే చెప్పండి" అంది భార్య.

శనివారం టీచర్ల సమావేశంలో ఆయన లేచి నిలబడ్డాడు. "ఆ రోజు గుమాస్తాగారి తప్పేం లేదు. స్టిక్కు పెట్టడం నాకే రాలేదు. రాదని ఒప్పుకోలేక ఆవిడ మీదికి తోశాను" అన్నాడు. పెద్ద మేడమ్ చేతిలోని కాగితాలు సర్దుకుంది.

సమావేశం వివరాలు రాస్తున్న గుమాస్తా తలెత్తింది. "ఇది కూడా రాయమంటారా మాస్టారూ?"

"రాయండి" అన్నాడు.

ఆవిడ రాసింది.

మర్నాడు ఆదివారం ఆయన రిపేరు దుకాణానికి వెళ్లి, "నీ చేత అబద్ధం చెప్పించానమ్మా" అన్నాడు. ఆమె ఒక పాత కంప్యూటర్ ఆయన ముందుకు జరిపి, స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టింది. అప్పటి నుంచి ఆదివారాలు అక్కడే నేర్చుకునేవాడు. గుమాస్తా మేడమ్ మాత్రం ఆ ఏడాదంతా పని ఉంటేనే ఆయనతో మాట్లాడింది. అంతకు మించి అడిగే ముఖం తనకు లేదని ఆయనకూ తెలుసు.