నజ్మాకిచ్చేసిన గంగన్న

గంగన్నను ఇచ్చేసినప్పుడు అతని నోట్లో బిర్యానీ ముద్ద ఉంది. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పటికీ అతనికి అన్నిటికన్నా ఎక్కువ మండేది అదే. మనిషిని ఇంకొకరి చేతుల్లో పెట్టేవాళ్ళు కనీసం అతను తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగాలి కదా అంటాడు. దోహాలో మనవాళ్ళు నడుపుకునే శుక్రవారం బాస్కెట్‌బాల్ లీగులో ఆపాటి మర్యాద కూడా లేదు.

గంగన్నది ఆర్మూరు పక్క పల్లె. ఆరడుగులు దాటిన మనిషి. చిన్నప్పుడు పీఈటీ సారు బడి గోడకు ఇనుప రింగు బిగించి ఒక్కటే నేర్పాడు: "బంతి ఎవడైనా వేస్తాడురా. తప్పిపోయి కింద పడేదాన్ని పట్టేవాడే దొరకడు. నువ్వు అది పట్టు." గంగన్న అదే పట్టాడు. ఖతార్ వచ్చి వారమంతా సైటులో ఇనుప చువ్వలు కడుతూ, శుక్రవారం బస్సెక్కి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేట జట్టులో ఆడుతూ, ఇన్నేళ్ళుగా అదే పడుతున్నాడు. అతను పట్టి అందించిన బంతిని బాస్కెట్లో వేసినవాడికి చప్పట్లు. గంగన్నకు మోచేతి పోట్లు. దాని గురించి అతను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

జట్టు పెద్ద రామకృష్ణారావు. బెజవాడవైపు మనిషి, ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం, అల్ సద్‌లో కుటుంబంతో ఉంటాడు. కోర్టు అద్దె, బట్టలు, బూట్లు అన్నీ ఆయనే చూసుకుంటాడు కాబట్టి ఎవరుండాలో ఎవరు పోవాలో కూడా ఆయనే చెబుతాడు. చెడ్డవాడు కాదు. నవ్వుతూ భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు. ఆ నవ్వును తలుచుకున్నప్పుడే గంగన్నకు ఒళ్ళు మండుతుంది.

ఫిబ్రవరిలో ఆ చెయ్యే భుజం మీద పడింది.

"గంగన్నా, ఏప్రిల్‌లో సెలవు మీద వెళ్తున్నావటగా? సీజన్ మొదలయ్యేదే అప్పుడు. నువ్వు లేకపోతే టీమే లేదయ్యా. కొంచెం వెనక్కి జరుపుకోలేవా?"

వెనక్కి జరపడం అంత తేలికా! గంగన్న పనిచేసే కంపెనీలో చువ్వలు కట్టే ముఠా నుంచి ఒకసారికి ఒక్కడే ఇంటికి పోవాలి. రెండేళ్ళకోసారి వంతు వస్తుంది. వదులుకుంటే ఆ వంతు తర్వాతివాడికి పోతుంది, వదులుకున్నవాడు వరసలో చివరికి పోతాడు. పైగా గంగన్న ఆ ఏప్రిల్, మే నెలలు కూతురు శోభ కోసం దాచుకున్నాడు. ఆ పిల్లకు గురుకులంలో ఐదో తరగతి సీటొచ్చింది. జూన్‌లో హాస్టల్‌కు పోతుంది. పోయేలోగా ఎండాకాలం సెలవులన్నీ పిల్లతోనే గడపాలని అతని ఆశ.

అయినా వదులుకున్నాడు. సైటులో తెల్లారినప్పటి నుంచీ "యల్లా, యల్లా" అనే తొందరపెట్టే అరుపు తప్ప ఇంకో మాట వినపడని మనిషితో, నువ్వు లేకపోతే పని జరగదని ఒకరు అన్నారు. అంతే, కరిగిపోయాడు.

భార్య బాలవ్వ ఫోన్లో దులిపేసింది. ఆమెకు గల్ఫంతా దుబాయే. "ఏందయ్యా నీ కత? దుబాయ్ పోయింది పనికా, బంతాటకా? పిల్ల హాస్టల్‌కు పోయినంక వచ్చి ఎవల మొఖం జూస్తవ్?"

"టీమ్ మొత్తం నా మీదనే ఉన్నదే," అన్నాడు గంగన్న. ఆ మాట అనుకుంటేనే ఇప్పుడు తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మార్చిలో ఒక శుక్రవారం నజ్మా పేటలోని మనవాళ్ళ హోటల్లో, మేడ మీద, జట్లన్నీ భోజనానికి కూర్చున్నాయి. ఏటా ఆటగాళ్ళను ఎంచుకునేది అక్కడే. ఏ జట్టులోనూ లేనివాళ్ళను ఒకరి తర్వాత ఒకరు ఎంచుకుంటారు. నిరుడు ఆఖరున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక. అది నజ్మా పేట జట్టుది. ఈసారి అందరి కళ్ళూ దానియాల్ మీదే ఉన్నాయి. దూరం నుంచి విసిరితే తప్పనివాడు. అతని పాత జట్టు చెదిరిపోవడంతో ఖాళీగా ఉన్నాడు. గంగన్న కంపెనీయే, గంగన్న ముఠాయే, ఉండేదీ అదే కూలీల క్యాంపులో.

రామకృష్ణారావు లేచి గొంతు సవరించుకున్నాడు. "మేం గంగన్నను నజ్మాకి ఇస్తున్నాం. బదులుగా వాళ్ళ మొదటి ఎంపిక మేం తీసుకుంటున్నాం. దాంతో దానియాల్ మావాడు."

చప్పట్లు కొట్టారు. గంగన్నతో మూడేళ్ళు ఆడినవాళ్ళు కూడా కొట్టారు. ముద్ద మింగడానికి అతనికి కాసేపు పట్టింది.

"నన్నొక్క మాట అడగొద్దా సార్?"

"అయ్యో, ఏమీ అనుకోకు గంగన్నా. ఆటలో ఇది మామూలే. అమెరికాలో ఎంత పెద్ద ఆటగాళ్ళనైనా ఇలాగే మార్చేసుకుంటారు."

"ఆళ్ళకు జీతాలిస్తరు సార్. ఆళ్ళు ఆటైపోంగనే ఇంటికి గూడ పోతరు. మీరు ఆగుమంటె నేను ఇంటికి పోవుడు ఆపుకున్న."

రామకృష్ణారావు ముఖంలో నవ్వు చెదరలేదు. "సెలవు నీ సొంత విషయం కదయ్యా. అందులో నేనేం చెప్పగలను?"

నజ్మా కెప్టెన్ ఫసీయుద్దీన్ హైదరాబాదీ, పెద్దమనిషి. లేచి వచ్చి గంగన్న చెయ్యి పట్టుకున్నాడు. "రా అన్నా, మా దగ్గర నిన్ను మంచిగ చూసుకుంటం."

"నీ మీద నాకేం కోపం లేదు భాయ్," అన్నాడు గంగన్న. "అంగట్ల బర్రెను మార్చుకున్నట్టు మార్చుకున్నరు. నేను ఈళ్ళకు ఆడను, మీకు గూడ ఆడను." చెయ్యి కడుక్కోకుండానే మెట్లు దిగిపోయాడు.

ఇక అసలు ఘనకార్యం వినండి. గల్ఫులో ఇద్దరు మనవాళ్ళు కలిస్తే అడుక్కునే మొదటి మాటలేవి? ఏ ఊరు, ఏ కంపెనీ, సెలవెప్పుడు? రామకృష్ణారావూ ఆయన సలహాదారులూ దానియాల్ ఎంత దూరం నుంచి వేస్తాడు, ఎన్ని వేస్తాడు అన్నీ లెక్కగట్టారు. సెలవెప్పుడని మాత్రం అడగలేదు. గంగన్నను అడిగితే చెప్పేవాడు. కానీ గంగన్నను అడగాలంటే అతన్ని ఇచ్చేస్తున్న సంగతి ముందు అతనికి చెప్పాలి. ఆ ధైర్యం ఎవరికీ లేకపోయింది. గంగన్న వదులుకున్న వంతు నేరుగా పోయి దానియాల్‌కే తగిలింది. ఏప్రిల్ మొదట్లోనే అతని ప్రయాణం. అంటే, గంగన్నను ఆపి దానియాల్‌ను ఇంటికి పంపే ఏర్పాటు చేసి, మళ్ళీ ఆ గంగన్నను ఇచ్చేసి ఆ దానియాల్‌నే కొనుక్కున్నాడు మహానుభావుడు.

ఆ సంగతి తెలిసిన మర్నాడే రామకృష్ణారావు పళ్ళ సంచీతో క్యాంపుకు పరుగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన క్యాంపు గడప తొక్కడం అదే మొదలు. గంగన్న మంచం మీదే కూర్చున్నాడు.

"దానియాల్‌ని కెప్టెన్ని చేస్తానన్నాను. సెలవు ఆపుకునేదీ లేనిదీ ఆలోచించి చెబుతానన్నాడు. నువ్వు చెబితే వింటాడు. ఇంకో సంగతి చూడు, అతను ఆగిపోతే ఇంత తొందరలో ఇంకెవరూ బయల్దేరలేరట, వంతు మళ్ళీ నీకే ఇప్పించుకోవచ్చటగా? నువ్వు పాపను చూడ్డానికి వెళ్ళొచ్చు. అందరికీ మంచిదే కదా!"

గంగన్నకు నెత్తురు సలసల మరిగింది. ఆ మాట అబద్ధమైతే ఇంత మరిగేది కాదు. నిజం కాబట్టి మరిగింది. దానియాల్ ఆగితే తను పోవచ్చు. ఆ ఆలోచన పొద్దున్నుంచీ అతని మనసులోనే తిరుగుతోంది. దాన్ని ఈ మనిషి పళ్ళతోపాటు తెచ్చి మంచం మీద పెట్టాడు.

"మా పిల్ల ముచ్చట మీ నోట్ల రావద్దు సార్," అన్నాడు లేచి నిలబడి. "ఆ పండ్లు తీస్కొని ముందుగాల్ల మీరు బయటికి నడవుండ్రి."

గదిలోవాళ్ళంతా చూస్తుండగా రామకృష్ణారావు సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం దానియాల్ భుజాన తువ్వాలుతో వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, కెప్టెన్ జేస్తరట. నేను లేకపోతె టీమే లేదంటుండు సార్."

"మరి రాణికి?" దానియాల్ భార్య రాణికి మే నెలలో కాన్పు.

"అమ్మగారింట్ల ఉన్నది గదన్నా. ఆళ్ళు చూసుకుంటరు తీ."

గంగన్న నోరు మూసుకుని ఉంటే చాలు. ఒక్క మాట అనక్కర్లేదు. వాడు తనంతట తానే ఆగిపోతాడు, తను శోభ దగ్గరికి పోతాడు. ఆ సంగతి తెలిసే అతను కొంతసేపు నోరు మూసుకుని కూర్చున్నాడు కూడా.

కానీ దానియాల్ ముఖంలోని ఆ వెలుగును చూడలేకపోయాడు. ఫిబ్రవరిలో తన ముఖం కూడా ఇట్లాగే వెలిగి ఉంటుంది. ఒక్కసారిగా అరిచాడు.

"నాకు గూడ గదే ముచ్చట జెప్పిండురా, గదే నోటితోని! నేను లేకపోతె టీమ్ లేదన్నడు. నన్ను ఇచ్చేసినంక గూడ ఆళ్ళ టీమ్ ఉన్నది. రేపు నిన్ను ఇచ్చేసినా ఉంటది. పుట్టే పిల్ల మొఖం చూడాల్నా, ఆయన చప్పట్లు వినాల్నా? సప్పుడు జేయకుండ ఇంటికి పో. ఆగినవంటె కాళ్ళు ఇరగ్గొడ్త."

దానియాల్ బిత్తరపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను ఆగితె నువ్వు పోవచ్చు గదన్నా?"

"తెల్సు. నువ్వు పో."

దానియాల్ పోయాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ జట్టు మొదటి ఆటలోనే చిత్తుగా ఓడింది. తప్పిపోయిన బంతులన్నీ ఎదుటివాళ్ళకే దొరికాయట. ఆ కబురు విని గంగన్న సంతోషించాలనుకున్నాడు గానీ సంతోషం రాలేదు. కోపమే ఇంకాస్త పెరిగింది. ఎవరి మీదో తెలియక కనపడ్డ ప్రతివాడి మీదా విసుక్కున్నాడు.

ఆ వారం ఇంటికి ఫోన్ చేస్తే శోభ ఎత్తింది. బడికి సెలవులిచ్చారని చెప్పింది. అమ్మ హాస్టల్‌కు పెట్టె కొన్నదని చెప్పింది. తర్వాత అడిగింది, "బాపూ, ఆటల గెలుస్తున్నవా?"

తను ఫోన్లో చెప్పినదేదీ బాలవ్వ పిల్లకు చెప్పలేదన్నమాట. రామకృష్ణారావు మీద, చప్పట్లు కొట్టినవాళ్ళ మీద, తన మీద ఉన్న కోపమంతా పక్కన పెట్టి నిజమే చెప్పాడు.

"నన్ను తీసేసిండ్రు బిడ్డా. ఆడుతలేను."

శోభ వెంటనే అంది.

"మరి ఇంక ఆడ ఏం జేస్తున్నవ్ బాపూ? ఇంటికి రా."