సంచి గురువారం, నేను మంగళవారం

ఆ రోజుల్లో ఊరు విడిచి వెళ్లడమంటే ఒక్కసారిగా జరిగిపోయే పని అనుకునేదాన్ని. విమానం ఎక్కితే వెళ్లినట్టు, ఎక్కకపోతే ఉన్నట్టు. మనిషి విడతలవారీగా కూడా వెళ్లవచ్చని, ముందు సంచి వెళ్లి, దాని వెనక ఐదు రోజులకు కాళ్లు వెళ్లవచ్చని, ఆ మధ్య రోజుల్లో మనం ఎక్కడా లేనట్టేనని నాకు ఇరవై నాలుగో ఏట నాంపల్లిలో తెలిసింది.

అప్పుడు నేను పెదనాన్న, పెద్దమ్మల దగ్గర ఉంటూ ఆబిడ్స్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేసేదాన్ని. జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం దొరికింది. మంగళవారం మధ్యాహ్నం విమానం. టికెట్ చూసి పెద్దమ్మ క్యాలెండర్ ముందు నిలబడిపోయింది. మంగళవారం పిల్ల గడప దాటడమా? పైగా ఆ రోజు తిథి కూడా బాగాలేదట. విమానాన్ని జరపలేం కనుక గురువారమే ప్రస్థానం పెట్టాలని తేల్చేసింది. అంటే, మంచి ఘడియలో మన సామాను ఒకటి వేరే ఇంట్లో పెట్టి వస్తే మనం అప్పుడే బయలుదేరినట్టు లెక్క. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా దోషం అంటదు. ఒకే షరతు, ఆ సామాను విప్పకూడదు, మళ్లీ మన గడప తొక్కకూడదు. అలా గురువారం ఉదయం నా ఎర్ర సంచి కాచిగూడలో చిన్నమ్మ ఇంటికి చేరింది. ఏదో పాత చీర పెట్టి దేవుణ్ణి మోసం చేస్తే ఊరుకోడని, పెద్దమ్మ అందులో నా పాస్‌పోర్టు పెట్టించింది.

ఇక బీమా సంగతి. జర్మనీలో ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అక్కడి ఆరోగ్య బీమా మొదలవుతుంది. దిగిన నాటి నుంచి చేరేదాకా ఉన్న ఇరవై రోజులకు ప్రయాణపు బీమా మనమే తీసుకోవాలి. ఆ ముందు వారం ఆబిడ్స్‌లో మేడ మీది బీమా ఆఫీసుకు వెళ్లి పెదనాన్నే ఫారం నింపాడు. ఆయన రిటైరైన గుమాస్తా, ఫారం కనబడితే ఆయనకు పండగే. "బయలుదేరే తేదీ" అన్న చోట ముత్యాల్లాంటి అంకెలతో గురువారం తేదీ వేశాడు. కాగితం మీద అబద్ధం రాయకూడదన్నది ఆయన నియమం, మా ఇంటి లెక్కలో నేను బయలుదేరేది గురువారమే మరి. నేను చదవకుండా సంతకం పెట్టాను. (ఆ సమయంలో కిటికీలోంచి ఆబిడ్స్ మీది మబ్బులను చూస్తూ, జర్మనీ మబ్బులు ఏ రంగులో ఉంటాయోనని ఆలోచిస్తున్నాను. చదువుకున్న పిల్లనే, ఏం లాభం!)

శుక్రవారం సాయంత్రం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నిలబడి జామకాయ తింటుంటే బీమా ఆఫీసు మేడమ్ ఫోన్ చేసింది. మంచిగా చేరారా, చలి ఎట్లా ఉందని అడిగింది. ఇంకా మీ ఆఫీసు కిందనే ఉన్నానండీ అన్నాను. అవతల ఆమె నా ఫైలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పాలసీ నిన్నటి నుంచే నడుస్తోంది, కానీ అది దేశం బయట మాత్రమే పనిచేస్తుంది. ఇక్కడ ఐదు రోజులు ఉత్తినే కరిగిపోతే, అక్కడ ఉద్యోగంలో చేరడానికి ముందు ఐదు రోజులు నాకు ఏ రక్షణా ఉండదు. బుధవారం ఉద్యోగం మానేశాను కనుక క్లినిక్ వాళ్ల బీమా ఎలాగూ అయిపోయింది. తేదీ మార్చాలంటే నేను దేశం దాటలేదని పాస్‌పోర్టు చూపించాలి. పాస్‌పోర్టేమో సంచిలో, సంచి కాచిగూడలో, చిన్నమ్మ ఇంటికి తాళం వేసి యాదగిరిగుట్టలో. ఆమె వచ్చేది ఆదివారం రాత్రికి.

ఇక్కడ నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. చదునైన నేల మీద కూడా పడగల నేర్పు నాది. ఊరందరి మడమలూ సరిచేసే నేను ఆ ఏడాదిలోనే రెండుసార్లు నా మడమ బెణికించుకున్నాను. ఇప్పుడు కాలు విరిగితే దవాఖాన ఖర్చుకు పూచీ లేదు, ఉద్యోగమూ దక్కదు. అందుకని పెద్దమ్మ నన్ను మెట్లు దిగనివ్వలేదు, బండి మీది మిర్చి బజ్జీ ముట్టనివ్వలేదు, తలస్నానం చేస్తే జలుబు చేస్తుందని అదీ మాన్పించింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు చూస్తానని పోరితే, పెదనాన్న వెంట వచ్చి, బండ్లు పోయే వైపు తాను నడుస్తూ నా మణికట్టు పట్టుకున్నాడు. షట్టర్లు దించిన కొట్ల ముందు పరిచిన పుస్తకాల మధ్య మేమిద్దరం కలలో నడిచినట్టు నడిచాం. నేను ఇక్కడ లేను, అక్కడా లేను. ఆ ఎండా, ఆ దుమ్మూ, పాత కాగితాల వాసనా అన్నీ నాకోసమే ఆగి ఉన్నట్టు అనిపించింది. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

సోమవారం పొద్దున్నే కాచిగూడ వెళ్లాం. ఏ ఇంట్లోనూ సంచి విప్పొద్దని, ఆఫీసులోనైతే దోషం లేదని పెద్దమ్మ తేల్చింది కనుక దాన్ని అలాగే ఆటోలో ఆబిడ్స్‌కు తెచ్చి, మేడమ్ బల్ల మీద పెట్టి విప్పాం. పెదనాన్న రాత్రే రాసుకున్న దరఖాస్తు ఇచ్చాడు. "పై తెలిపిన అమ్మాయి సంప్రదాయ ప్రకారము గురువారమే బయలుదేరినది గాని, మనిషి ఇంకను నాంపల్లిలోనే ఉన్నది" అని ఉంది అందులో. మేడమ్ రెండుసార్లు చదువుకుంది.

"మా అత్తమ్మ గూడ గిట్లనే పెడ్తది సార్, ప్రస్థానం," అంది చివరికి. "కంపెనీకి గిదంత ఏం సమజైతది? ప్రయాణం తేదీ మారిందని రాయున్రి, సాలు." పాస్‌పోర్టు పేజీలు తిప్పి చూసి, పైవాళ్లతో ఫోన్లో మాట్లాడి, మధ్యాహ్నానికల్లా మంగళవారం నుంచి మొదలయ్యే కొత్త కాగితం చేతిలో పెట్టింది.

మెట్లు దిగి, సంచిని మళ్లీ కాచిగూడ చేర్చడానికి రోడ్డు దాటబోతుంటే పెదనాన్న మళ్లీ నా మణికట్టు పట్టుకున్నాడు. పాలసీ వచ్చేసింది కదా, ఇక వదలమన్నాను.

"అది రేపటి సంది గద బిడ్డా. ఇయ్యాలకు లేదు," అన్నాడు. సగం రోడ్డు దాటాక, బండ్ల వైపే చూస్తూ, "నాకైతె నువ్వు గురువారమే పోయినవ్. గీ ఐదు రోజులు ఉత్తగ దొరికినయ్," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాను.

మొన్న ఇక్కడ జర్మనీలో బీమా మార్చుకుంటుంటే ఫారంలో ఈ దేశానికి బయలుదేరిన తేదీ అడిగారు. గుర్తురాక పెదనాన్నకు ఫోన్ చేశాను. ఆయన తడుముకోకుండా చెప్పాడు, నేను రాసేశాను. తర్వాత అనుమానం వచ్చి ఆ ఏడాది క్యాలెండర్ వెతికి చూస్తే అది గురువారం. దిద్దడానికి పెన్ను తీశాను కానీ వెంటనే దిద్దలేదు. నాంపల్లిలో ఇంకా ఐదు రోజులు మిగిలి ఉన్న ఆ పిల్లను తలచుకుని నవ్వుకుంటూ, ఎడమ చేత్తో నా మణికట్టు నేనే పట్టుకుని, కాసేపు అలాగే కూర్చున్నాను.